తొంభై ఆరో సూది

నా సర్వీసు మొత్తంలో నాకొచ్చిన మెమో ఒక్కటే. ఒక్కటే అయినా గట్టి మెమో. కొత్తగా దవాఖానాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి సార్" అని కూర్చుంటారు. వాళ్ల మొహాలు చూస్తే నేనేదో కలరాను ఒంటి చేత్తో ఆపిన కథ చెబుతాననుకుంటున్నట్టు ఉంటుంది. నేను బీరువా తెరిచి ఆ మెమో చేతిలో పెడతాను. చదివి నవ్వాపుకోలేక తంటాలు పడతారు. నవ్వండి బాబూ, నవ్వండి. ఆ రోజు నవ్వడానికి నాకు తీరిక లేకపోయింది కానీ, ఇప్పుడు నేనూ నవ్వుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. టేకులపల్లి దాటి అడవిలోకి కొంత దూరం పోతే వచ్చే ఊరి చివర మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండేది. నేను అక్కడ ఫార్మసిస్టును. తలుపు మీద బోర్డు కూడా ఉంది కానీ దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. జనానికి నేను కంపౌండర్ సారును. మా ఇల్లు వైరాలో. భార్యా పిల్లలు అక్కడ, నేను ఇల్లెందులో కిరాయి గదిలో. శనివారం మధ్యాహ్నం రెండింటి బస్సు దొరికితే పొద్దుగూకే లోపల ఇల్లు చేరతాను. తప్పిందా, ఆదివారం సగం రోడ్డు మీదే అయిపోతుంది. అందుకని శనివారం వచ్చిందంటే నా ఒళ్లు దవాఖానాలో, మనసు బస్టాపులో ఉండేది.

అలా హాయిగా నడుస్తున్న నా బతుకులోకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. దమ్మపేట వైపు అమ్మాయి. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడిన రైతు కుటుంబం. ముప్ఫై ఏళ్లు నిండలేదు. మనిషి మెత్తగా మాట్లాడుతుంది, పట్టుదల మాత్రం ఉడుం పట్టు. వచ్చిన వారానికే నా మందుల గదిలో కూర్చుని నొప్పి బిళ్లల లెక్క చూసింది.

"ఫార్మసిస్టు గారూ, ఈ ముసలివాళ్లంతా నెలకు ఇన్నేసి బిళ్లలు మింగుతున్నారు. వాళ్ల కడుపులు ఏమైపోవాలండీ?"

"అడుగుతరు మేడం, ఇస్తం. ఇయ్యకపోతే తిడతరు," అన్నాను.

ఆమె తన సెలవులన్నీ ఖర్చుపెట్టి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. వెంట్రుకంత సన్నని సూదులు ఒంట్లో ఫలానా చోట గుచ్చి ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పులు తగ్గుతాయని చైనా వాళ్ల పాత వైద్యం. జిల్లా ఆఫీసరు చుట్టూ తిరిగి తిరిగి, మూడు నెలలు నడిపి చూడటానికి అనుమతి తెచ్చుకుంది. ఆయన మనస్ఫూర్తిగా ఇవ్వలేదు. 'ఒక్క ఫిర్యాదు వచ్చినా గదికి తాళం' అని కాగితం మీదే రాసి మరీ ఇచ్చాడు. ఆ కాగితాన్ని ఆమె గోడకు అంటించింది. బుధవారం, శనివారం సూదుల గది అని చాటింపు వేయించింది.

మొదటి సూది ఎవరికి గుచ్చాలన్న ప్రశ్న వచ్చింది. జనానికి ధైర్యం రావాలంటే స్టాఫ్‌లో ఎవరో ఒకరు ముందు కూర్చోవాలంది. అందరూ నా వంక చూశారు. సగం మండలానికి ఇంజెక్షన్లు ఇచ్చిన చెయ్యి నాది. ఇంత సన్న సూదికి నాకు భయమేంటని దర్జాగా చెయ్యి చాపాను. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సూది దిగింది. నొప్పి లేదు, నిజం చెప్పాలి. కానీ నా చేతిలో సూది నిలబడి ఉండటం నేను చూశాను. అంతే, మళ్లీ కళ్లు తెరిచేసరికి బల్ల మీద పడుకుని ఉన్నాను, మొహం మీద నీళ్లు, తలుపు దగ్గర ఊరంతా.

"కంపౌండర్ సారు పడ్డడు!" అని సాయంత్రానికి చుట్టుపక్కల తండాలన్నిటికీ పాకిపోయింది. పాకించింది మా ఆయమ్మ. దవాఖానాలో ఊడ్చేదీ, తుడిచేదీ, పేషెంట్లను వరసలో నిలబెట్టేదీ ఆవిడే. తండా మనిషి, వాళ్ల భాష, మన భాష రెండూ వచ్చు. నోటికి తాళం మాత్రం లేదు.

నేను పడిపోవడం వల్ల గదికి గిరాకీ పెరిగింది. కంపౌండర్‌నే పడగొట్టిన సూది అంటే ఎంత బలమైన సూదో అనుకున్నారు. కానీ వచ్చాక వాళ్లకు రెండు అనుమానాలు. ఒకటి, సూది అంటే మందు ఉండాలి కదా.

"ఉత్త సూదేంది డాక్టరమ్మా? మందేది?"

రెండు, నొప్పి ఒక చోట, సూది ఒక చోట.

"తల్కాయ నొస్తదంటే కాలికి గుచ్చుతున్నవేంది? నేను చెప్పింది ఇన్నవా లేదా?"

డాక్టరమ్మ ఓపిగ్గా ఒంట్లో 'చీ' అనే శక్తి దారుల వెంట పారుతుందని చైనా వాళ్ల నమ్మకం చెప్పబోయేది. ఆయమ్మకు అంత ఓపిక లేదు. "కాల్వల చెత్త ఇరుక్కుంటె తూము కాడ పొడుస్తరా, పొలంల పొడుస్తరా?" అని అడిగేది. అందరికీ అర్థమయ్యేది. మా వైరా కాల్వ కింద పుట్టి పెరిగిన నాకు కూడా అప్పుడే అర్థమైంది.

అనుమానం తీరాక ఇంకో గొడవ మొదలైంది. పక్క మంచం మీద ఎన్ని సూదులున్నాయో లెక్కపెట్టుకునేవాళ్లు. "దానికి పది పెట్టినవు, నాకు ఏడేనా? నేనేం పాపం జేసిన?" అని డాక్టరమ్మతో బేరాలు. చివరికి ఆమెకు విసుగొచ్చి ఎవరికైనా ఎనిమిదే అని తేల్చేసింది. ఒక పూటకు పన్నెండు మంది, ఆరుగురు ఆరుగురుగా రెండు దఫాలు.

ఈ వైద్యంలోనే ఒక కసరత్తు కూడా ఉంది, చీ గాంగ్ అంటారు. పొద్దున్నే ఓపీ మొదలయ్యే ముందు స్టాఫంతా ఆవరణలో నిలబడి పదిహేను నిమిషాలు చెయ్యాలని ఆమె పట్టు. మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ గుండ్రంగా చాచి, పెద్ద చెట్టును కావలించుకున్నట్టు కదలకుండా నిలబడాలి. ఊపిరి నిదానంగా పీల్చాలి, వదలాలి. ఒకరోజు అలా నిలబడి ఉండగా దారిన పోతున్న ఫారెస్టు బీటు ఆఫీసరు సైకిల్ ఆపాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికొచ్చి నా చేతుల మధ్య ఖాళీని కళ్లతోనే కొలిచాడు.

"గింత లావు టేకు ఏడ జూసిండ్రు సార్?"

"టేకేంది?"

"మీరు లావు చూపెడుతున్నరు గద. ఐదుగురు నిలవడి ఒక్కటే కొల్త చూపెడుతున్నరు. దుంగ ఏడున్నదో చెప్పుండ్రి, నేను మంచోన్ని కాబట్టి అడుగుతున్న."

కసరత్తు అని చెబితే నమ్మలేదు. రెండు రోజులు వరసగా వచ్చి మా వెనక చెట్ల వైపు తిరిగి చూసి పోయాడు. మూడో రోజు డాక్టరమ్మ ఆయన్ని కూడా నిలబెట్టింది. ఆ తర్వాత ఆ దారి మానేశాడు.

ఇక నా పని. సూదుల గదిలో ఒక రిజిస్టరు. అందులో రెండు గడులు: పెట్టినవి, తీసినవి. ఇరవై నిమిషాలయ్యాక సూదులు తీసే పని నాది. తీసినవన్నీ స్టీలు ట్రేలో వేసి, లెక్కపెట్టి, ఆ లెక్క 'తీసినవి' గడిలో రాసి, అప్పుడు పేషెంటును లేపాలి. ఈ సూదులకు మందు సీసా ఉండదు, సిరంజి ఉండదు. బట్ట చాటునో జుట్టులోనో ఒకటి మిగిలిపోతే కంటికి ఆనదు. "లెక్క తప్పకూడదండీ, ఇందులో ఉన్న జాగ్రత్తంతా అదే," అని మొదటిరోజే డాక్టరమ్మ నాకు నాలుగుసార్లు చెప్పింది.

మొదటి నెల బుద్ధిగా లెక్కపెట్టాను. ఎప్పుడూ సరిపోయేది. సరిపోయిన లెక్కను మళ్లీ మళ్లీ పెట్టడమంత విసుగు ఇంకోటి లేదు. పన్నెండు మందికి ఎనిమిదేసి అంటే తొంభై ఆరు. పెట్టినవి తొంభై ఆరైతే తీసినవి తొంభై ఆరు కాక తొంభై ఏడు అవుతాయా? రెండో నెలలో ట్రేని ఒకసారి అలా ఊపి చూసి రాసేవాణ్ణి. మూడో నెలకు పొద్దున రిజిస్టరు తెరవగానే రెండు గడులూ ఒకేసారి నింపేసేవాణ్ణి. శనివారమైతే కింద సంతకం కూడా అప్పుడే. డాక్టరమ్మ నా సంతకం చూసి తన సంతకం పెట్టేది. నా మీద ఆమెకు అంత నమ్మకం. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పేషెంట్లలో ఒక అవ్వ ఉండేది. తండా నుంచి వచ్చేది. తల మీద అద్దాల ముసుగు, చేతుల నిండా గాజులు, నవ్వితే ముందు పళ్లు రెండే. తలనొప్పి, మెడనొప్పి. ఎన్నేళ్లుగా అంటే, "నా కొడుకు పుట్టకముందు నుంచి" అనేది. ఆ కొడుకు పక్క ఊరి బడిలో పంతులు. ఆమెకు పెట్టే ఎనిమిదింటిలో ఒకటి నడినెత్తి మీద, చర్మం కిందుగా ఏటవాలుగా. మూడో నెలలో ఆమెకు ఉన్నట్టుండి గుణం కనిపించింది. "తల్కాయ దిగిపోయినట్టు ఉన్నది బిడ్డా, ఉన్నదో లేదో తెలుస్తలేదు," అని డాక్టరమ్మ గడ్డం పట్టుకుని చెప్పింది. డాక్టరమ్మ కళ్లు మెరిశాయి. పెద్దవాళ్ల ముందు పెట్టడానికి తన కేసుల పుస్తకంలో అవ్వ పేరే మొదట రాసుకుంది.

అనుమతి గడువు ముగిసే ముందు జిల్లా ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వచ్చింది శనివారం. చెప్పిన టైముకు గంట ముందు. మొదటి దఫా ఆరుగురూ అప్పుడే లేచి వెళ్లిపోయారు, రెండో దఫా ఆరుగురు సూదులతో మంచాల మీద ఉన్నారు. ఆయన బూట్లు టకటకలాడించుకుంటూ గదిలోకొచ్చి, మంచాల మీద ఉన్నవాళ్లను ఒకసారి చూసి, నేరుగా రిజిస్టరు తీశాడు.

చదివాడు. గడియారం చూశాడు. మళ్లీ చదివాడు.

"ఇయ్యాల పెట్టినవి తొంభై ఆరు. తీసినవి తొంభై ఆరు. సంతకం," అన్నాడు. తల ఎత్తి మంచాల వైపు వేలు చూపించాడు. "మరి వీళ్ల ఒంట్ల ఉన్నవేంది? ముళ్లా?"

మంచం మీది పేషెంటు ఒకాయన సూదులతోనే తల తిప్పి నన్ను జాలిగా చూశాడు.

"చెప్పవయ్యా. తీయకముందే తీసినట్టు రాసినవంటే, నువ్వు రేపు పెట్టబోయే సూదులు గూడ ఇయ్యాల్నే తీసేసి ఉంటవు."

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. "సార్, రిజిస్టరులో పాత పేజీలన్నిటి మీదా నా సంతకం కూడా ఉంది. బాధ్యత నాదే," అంది. ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

"తప్పు మేడంది కాదు సార్. నేను పొద్దున్నే రాసిపెట్టిన. బస్సు పోతదని."

"బస్సా?" అన్నాడాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. నా ముందర తియ్యి. నా ముందర లెక్కపెట్టు. మొదటి దఫావి కూడ."

అదృష్టమో దురదృష్టమో, మొదటి దఫా సూదులు ఇంకా పారేయలేదు, ట్రేలోనే ఉన్నాయి. మంచాల మీది ఆరుగురివీ తీశాను. నలభై ఎనిమిది, సరిపోయింది. మొదటి దఫా ట్రే లెక్కపెట్టాను. నలభై ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఏడు. ఆఫీసరు లెక్కపెట్టాడు. ఆయమ్మ చీపురు పారేసి వచ్చి తన వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎవరు లెక్కపెట్టినా ఆ ఒక్క సూదీ పుట్టలేదు. మంచాల కింద, దుప్పట్లలో, నా బూటు అడుగున కూడా చూశాం.

డాక్టరమ్మ కళ్లు మూసుకుని ఆరుగురికీ ఎక్కడెక్కడ పెట్టిందో గుర్తుచేసుకుంది.

"నడినెత్తి," అంది. "అవ్వ. ముసుగు కింద ఉండిపోయింది."

ఆ రోజు సంత. అవ్వ వెంట చింతపండు బుట్ట ఉండటం పొద్దున చూశాను. బుట్టలు తండావాళ్లు ఎలా మోస్తారో నాకు తెలుసు. గుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుని దాని మీద బుట్ట. సూది ఉన్నది సరిగ్గా అక్కడే. ఇన్నేళ్ల తలనొప్పి తగ్గించుకోవడానికి మా దగ్గరికొచ్చిన మనిషి నెత్తిలోకి ఆ బరువు కింద సూది వంగి దిగితే?

"ఆమెకేమన్న అయిందంటే గది మూయడం తర్వాత," అన్నాడు ఆఫీసరు లేస్తూ. "ముందు నీ సంగతి చూస్త. ఉరుకు!"

ఉరికాను. దవాఖానా నుంచి సంతకు అర కిలోమీటరు. నేను ముందు, వెనక డాక్టరమ్మ, ఆమె వెనక ఆయమ్మ, అందరికంటే వెనక ఆఫీసరు. సూదులు తీయించుకున్న పేషెంట్లలో కాళ్ల నొప్పులని వచ్చిన ఇద్దరు కూడా చూద్దామని మా వెంట పరిగెత్తారు. ఆ వేగం చూసి మా వైద్యం పనిచేస్తుందని ఆఫీసరు అప్పుడే ఒప్పుకోవాల్సింది.

సంత మొగదల నుంచే అవ్వ కనిపించింది. అద్దాల ముసుగు ఎండలో తళతళమంటోంది. ఆమె పక్కన చింతపండు బుట్ట పైకి లేస్తోంది.

"ఎత్తొద్దు!" అని అరిచాను. "ఎత్తొద్దు! ఎక్కడివక్కడ దించుండ్రి!"

సంత మొత్తం ఆగిపోయింది. మిర్చి బస్తా ఎత్తుతున్నవాడు వదిలేశాడు, అది పక్కవాడి కాలి మీద పడింది. కూరగాయలావిడ తక్కెడ దించేసింది. నా వెనక టక్ చేసుకుని చెమటలు కక్కుతూ వస్తున్న ఆఫీసరును చూసి ఎవడో, "తూకాల సార్లు వచ్చిండ్రు!" అని కేక వేశాడు. అంతే. కళ్లు మూసి తెరిచేలోగా సంతలో ఒక్క తూకం రాయి లేదు. తట్టల కింద, చీరల కింద, పంచెల మడతల్లో మాయమయ్యాయి. కోళ్లమ్మేవాడు తూకం రాయితో పాటు కోడిని కూడా దాచేశాడు.

నేను రొప్పుతూ అవ్వ దగ్గర ఆగాను. అప్పుడు చూశాను. బుట్ట ఎక్కింది అవ్వ నెత్తి మీదికి కాదు, ఆమె కోడలి నెత్తి మీదికి. అవ్వ చేతులూపుకుంటూ తమలపాకు నములుతోంది.

"ఏంది సారూ, గట్ల ఒర్రుకుంట ఉరికొస్తున్నవ్? పాము గిట్ల కరిసిందా?"

"అవ్వా, నీ నెత్తి మీద సూది ఉన్నదా?"

"ఉన్నది," అంది, అదేం ప్రశ్నన్నట్టు.

"ఉన్నదని తెల్సీ వచ్చేసినవా? నేను అన్నీ తీసిన్నా అని అడిగితే అవ్ అన్నవ్ గద!"

"నువ్వు ఏడ అడిగినవ్?" అంది అవ్వ. "నువ్వే 'అయిపోయింది, లే లే' అన్నవ్. నేను లేచిన."

ఆఫీసరు నా వంక చూశాడు. నేను చింతపండు వంక చూశాను.

డాక్టరమ్మ అవ్వ ముందు నిలబడింది. "అవ్వా, అది అట్లా ఉంచకూడదమ్మా. తీస్తాను, కూర్చో."

"ఎందుకు తియ్యాలె?" అవ్వ రెండు చేతులూ ముసుగు మీద పెట్టుకుంది. "అది ఉంటె నొప్పి లేదు. తీస్తె మల్ల వస్తది. నువ్వేమో బుధారం దాంక రావద్దంటివి. నాలుగు దినాలు నేనేం గావాలె? గింత సదువు సదివినవు, గది తెల్వదా?"

చుట్టూ మూగిన జనం అవ్వ పక్షమే. "నిజమే గదా," అని ఒకరు, "మొల ఊడవీకితే తలుపు నిలుస్తదా?" అని ఒకరు. తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చేస్తోంది. ఆఫీసరు ఇక లాభం లేదని దిగాడు. కాస్త గట్టిగానే అడిగాడు.

"బుధవారం దాక నెత్తి మీద సూది పెట్టుకుని తిరుగుతవా?"

అవ్వ తన పక్కన బుట్టతో నిలబడ్డ కోడలి వైపు ఓరగా చూసి, "నువ్వు పో బిడ్డా, ఎండయితది," అంది. కోడలు బుట్టతో కదిలింది. ఆమె మిర్చి బస్తాల మలుపు తిరిగేదాకా అవ్వ నోరు విప్పలేదు. తర్వాత నడుముకున్న సంచి విప్పి, గుడ్డ పీలిక మడత తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది. విప్పితే మూడు సూదులు.

"ఇవేంటమ్మా?"

"పోయిన మూడు మాట్లవి. మీ సొమ్ము నాకెందుకు? ఇద్దామనే దాచిపెట్టిన."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూడు మాట్లు. మూడుసార్లూ తీసినవి తొంభై ఆరే, నా సంతకం సాక్షిగా.

"ఇంటికి పోంగనే నేనే పీకేస్త," అని అవ్వ గొంతు తగ్గించింది. "కని ఇంట్ల చెప్ప. నెత్తిమీద సూదున్నదంటె నాకెవ్వరు బిందె ఎత్తరు. కట్టెల మోపు ఎత్తరు. 'అమ్మకు డాక్టరమ్మ సూది పెట్టింది, బరువు పెట్టొద్దు' అని మా పంతులే అన్నడు. నా పెండ్లయిన కాన్నుంచి గీ నెత్తి ఒక్క దినం ఉత్తగ లేదు బిడ్డా. మూడు మాట్లయింది ఉత్తగుండవట్టి. గప్పటి సంది నొప్పి లేదు."

డాక్టరమ్మ అక్కడే, తూకం రాళ్లు దాచిన తట్టల మధ్య, అవ్వను బోర్లించిన బుట్ట మీద కూర్చోబెట్టి ముసుగు జరిపి సూది తీసింది. చిన్న ఎర్ర చుక్క తప్ప ఏమీ లేదు. దూదితో అద్దింది. అద్దుతుంటే ఆమె కళ్లలో నీళ్లు. తన కేసుల పుస్తకంలో మొదటి పేరు పోయినందుకో, అవ్వ మాటకో నాకు తెలియదు. నన్ను మాత్రం అవ్వ మాటే పట్టుకుంది. ఇన్నేళ్లూ ఆమెకు డబ్బాల కొద్దీ బిళ్లలు ఇచ్చింది నేనే. 'నెత్తిన ఎంత మోస్తావ్' అని ఒక్కనాడూ అడగలేదు.

తిరిగి వచ్చాక ఆఫీసరు మంచినీళ్లు తాగాడు. గోడ మీది తన కాగితం చూశాడు. డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఫిర్యాదు వస్తే మూస్త అని రాసిన," అన్నాడు చివరికి. "ఈమె ఫిర్యాదు చేయలే. సూది తీసినందుకు చేసినా చేస్తది గనీ, పెట్టినందుకు చేయదు. ఇంకో మూడు నెలలు నడుపుండ్రి. లెక్క మాత్రం ఈయన పెట్టొద్దు. పేషెంటే పైకి లెక్కపెట్టి చెప్పాలె, ఈయన రాయాలె."

మెమో అక్కడికక్కడే చేత్తో రాసి నాకిచ్చాడు. 'ఇంకా తీయని సూదులను తీసినట్లు ముందుగా నమోదు చేసినందుకు' అని మొదలవుతుంది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఇంటికి ఆదివారం పోయాను, ఎందుకు ఆలస్యమైందో మా ఆవిడకు రిటైరయ్యేదాకా చెప్పలేదు.

కొత్త పద్ధతిలో మాకు ఒక్క సూది కూడా పోలేదు. పేషెంట్లు వాళ్ల భాషలో ఒకటి నుంచి ఎనిమిది దాకా గట్టిగా అరిచి చెప్పేవాళ్లు, నేను బుద్ధిగా రాసుకునేవాణ్ణి. ఎనిమిదో అంకె వినబడకముందు పేషెంటును లేపితే ఆయమ్మ నా మీదికి లేచేది. సూదుల వల్ల ఎంతమందికి నిజంగా తగ్గింది, పగటిపూట ఇరవై నిమిషాలు నడుం వాల్చడం వల్ల ఎంతమందికి తగ్గింది అంటే నేను చెప్పలేను. డాక్టరమ్మ కూడా అవ్వ సంగతి తర్వాత అంత ధీమాగా చెప్పేది కాదు. ముందు 'రోజూ ఏం పని చేస్తావమ్మా' అని అడిగి, ఆ తర్వాతే సూది చేతిలోకి తీసుకునేది.

ఇక అవ్వ. ఆ శనివారమే డాక్టరమ్మ ఆమెకు ఒక చీటీ రాసిచ్చింది. 'ఈమె తల మీద ఎటువంటి బరువూ మోయరాదు.' కింద సంతకం, గుండ్రటి స్టాంపు. సూది కంటే ఇదే గట్టిదని, ఇది ఇంటికి పోయి పీకేయక్కర్లేదని ఆయమ్మ అవ్వకు వాళ్ల భాషలో చెప్పింది. అవ్వ స్టాంపును కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

బుధవారం పొద్దున నేను వచ్చేసరికి దవాఖానా ముందు వరస గేటు దాటి ఉంది. అంతా ఆడవాళ్లే. ఒక్కరికీ సూదులు వద్దట, చీటీ కావాలట. వరసలో అందరికంటే ముందు నిలబడింది అవ్వ కోడలు. రెండు వారాలుగా రెండు నెత్తుల బరువూ తనే మోసిందట. డాక్టరమ్మ ఆమె మెడ పట్టి చూసింది, భుజాలు నొక్కి చూసింది, ఒక్కో ప్రశ్నా వివరంగా అడిగింది. చీటీ రాసింది. ఆ పూట సూదుల గది ఖాళీ, నేను మధ్యాహ్నం దాకా స్టాంపు కొడుతూనే ఉన్నాను.

మర్నాడు పంతులు వచ్చాడు. అవ్వ కొడుకు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో రెండు చీటీలు. మర్యాదగా నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

"మేడం, మా అమ్మకు రాసిచ్చిండ్రు, మంచిదే. మా ఇంటామెకు గూడ రాసిచ్చిండ్రు. మరి ఇంట్ల నీళ్లు, కట్టెలు ఎవరు మొయ్యాలె?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసి కొత్త కాగితం ముందు పెట్టుకుంది.

"మీకు తలనొప్పి ఏమైనా ఉందా మాస్టారూ?"

"లేదు మేడం."

"మెడ నొప్పి?"

"అబ్బే, ఎన్నడు లేదు."

"నడుం? భుజాలు? మోకాళ్లు?"

"దేవుని దయ, ఏం లేవు మేడం."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి పెన్ను మూత బిగించింది.

"అయితే మీరేనండీ," అంది.

శుక్రవారం పొద్దున బస్సు తండా మలుపు తిరుగుతుంటే బోరింగు దగ్గర జనం కనిపించి కిటికీలోంచి తొంగిచూశాను. పంతులు ఇస్త్రీ చొక్కా మోచేతుల పైకి మడిచి బోరింగు కొడుతున్నాడు. ఆయన వెనక బిందెలు పట్టుకుని, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా, ఇంకా తొమ్మిది మంది మగవాళ్లు వరసలో ఉన్నారు.